ఎవరికి ఏ పుస్తకము?

బంధువుల యింటికి పోయినపుడో, రైలులో ఎదుట కూర్చున్నవారితో మాట కలిసినపుడో, "మంచి పుస్తకమేదైనా ఉంటే చెప్పండి" అను మాట మనలో చాలమంది వినియే యుందురు. విన్నంతనే మన నోటికి వచ్చునది మనకు నచ్చిన పుస్తకము పేరు. లేదా, పదిమంది గొప్పదని చెప్పగా మనమును గొప్పదని నమ్మిన పుస్తకము పేరు. అడిగినవారెవరు, ఏమి పని చేయుదురు, వారికి తీరిక యెంత, వారు ఏ సంగతి తెలిసికొన గోరుచున్నారు అని ఎదురు ప్రశ్న వేయువారు అరుదు. ఆ ప్రశ్న వేయకపోవుటవలన మాకు కలిగిన నష్టమును, దానివలన మేము నేర్చిన పాఠమును ఈనాడు శ్రోతలకు మనవి చేయదలచితిమి.

మేము ఒక చిన్న పట్టణములో గ్రంథాలయము నడుపు సంఘమువారము. ఏడు బీరువాలు, రెండు పొడవైన బల్లలు, ఒక గోడగడియారము, ఇదియే మా ఆస్తి. సంఘ సభ్యులలో ఉపాధ్యాయులును, ఉద్యోగ విరమణ చేసినవారును ఎక్కువ. పుస్తకములు కొనునపుడు మా అభిరుచియే మాకు ప్రమాణముగా నుండెను. కావ్యములు, వ్యాఖ్యానములు, విమర్శలు ముందు బీరువాలలో అద్దముల వెనుక నిలిచినవి. శాస్త్రములు, వృత్తులు, ప్రయాణములు, ఆరోగ్యము మొదలగు విషయములకు సంబంధించినవి వెనుక బీరువాలో చేరినవి. పుస్తకములకు చెదలు పట్టకుండ కాపాడితిమి గాని, అవి ఎవరి చేతికైనను పోవుచున్నవా యని చూచుకొనలేదు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక సాయంకాలము పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాడొకడు వచ్చెను. చొక్కామీద గ్రీజు మరకలున్నవి. "ఏదైనా మంచి పుస్తకం ఇప్పించండి సార్" అని అడిగెను. మేము సంతోషించి, టీకాతాత్పర్యములు గల ఒక ప్రబంధమును తీసి యిచ్చితిమి. అది మంచి పుస్తకమే. అందులో సందేహము లేదు. నాలుగవనాడు అతడు దానికి కాగితపు అట్ట వేసి, శుభ్రముగా తెచ్చి బల్లమీద పెట్టెను. ఎట్లున్నదని అడిగితిమి. "బాగుందండి" అని తల వంచుకొని పోయెను. మరల రాలేదు.

చాల దినములకు అతనిని గూర్చి తెలిసినది. ఎనిమిదవ తరగతితో అతని చదువు ఆగినది. పంపుసెట్ల మోటార్లు బాగుచేయు కొట్టులో పని. రాత్రివేళ పొలములో మోటారు బిగించి, కరెంటు వచ్చువరకు గట్టుమీద కూర్చుండి నక్షత్రములను చూచుచు, "అవి ఎంత దూరంలో ఉన్నాయో ఎవరైనా కొలిచారా?" అని తోటి పనివానిని అడుగుచుండెనట. ఆకాశమును, నక్షత్రములను తెలుగువారికి సుబోధకముగా వివరించిన నండూరి రామమోహనరావుగారి 'విశ్వరూపం' ఆ సాయంకాలము అతడు నిలిచిన చోటికి పది అడుగుల దూరములో, వెనుక బీరువాలోనే యున్నది. మేము ఒక్క మాట అడిగియుండినచో అది అతని చేతికి వచ్చియుండెడిది. అడుగలేదు. పుస్తకములు తనవంటివారికి కావని అతడు తలచి వెడలిపోయి యుండును. లోపము అతని చదువులో లేదు. మేము పుస్తకమిచ్చిన తీరులో ఉన్నది.

ఈ సంగతి పెద్దలు మనకు ముందే చెప్పియున్నారు. మన దేశమున గ్రంథాలయ శాస్త్రమునకు పునాది వేసిన రంగనాథన్ గారు 1931లో మద్రాసున ప్రకటించిన గ్రంథమునందు ఐదు సూత్రములను వివరించిరి. వాటి సారమిది: పుస్తకములున్నది వాడుటకు, ప్రతి పాఠకునికి అతనికి తగిన పుస్తకము లభింపవలెను, ప్రతి పుస్తకమునకు దాని పాఠకుడు దొరకవలెను, పాఠకుని కాలము వృథా కారాదు, గ్రంథాలయము పెరుగుచుండు ప్రాణి వంటిది. ఇందు ఏది గొప్ప పుస్తకము అను ప్రశ్నయే లేదు. ఎవరికి ఏది అనునదే ప్రశ్న.

అంతకు పూర్వమే, 1906లో, హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలి వెలసినది. కొమర్రాజు లక్ష్మణరావుగారు మొదలగువారు తెలుగున చరిత్రము, శాస్త్రము మున్నగు విషయములపై తగినన్ని గ్రంథములు లేని కొఱతను తీర్పబూనిరి. మండలివారి తొలి ప్రచురణ కావ్యము కాదు; గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. తెలుగువానికి లోకములోని సంగతులన్నియు తెలుగులోనే తెలియవలెనని వారు నూరేండ్లకు పూర్వమే తలచిరి. మేము ఆ మాటను సభలలో చెప్పుచు, బీరువాలు సర్దునపుడు మరచితిమి.

కుఱ్ఱవాని సంగతి తెలిసిన పిమ్మట మేము చేసిన పని చాల చిన్నది. వాకిలి చెంత ఒక లావుపాటి నోటుపుస్తకమును, దారము కట్టిన కలమును ఉంచితిమి. అందు ప్రతి పుటలోను మూడు గడులు గీచితిమి: పుస్తకము పేరు, ఎవరికి, ఎందుకు. నియమములును మూడే. పూర్తిగా చదివినవారే వ్రాయవలెను. "అద్భుతము", "తప్పక చదువవలసినది" అను మాటలు వ్రాయరాదు. ఆ పుస్తకములో కష్టమేమున్నదో అదియు చెప్పవలెను. నెలదినములవరకు ఎవరును కలము ముట్టలేదు. పిమ్మట ఒకరు వ్రాయగా, వారిని చూచి మరియొకరు వ్రాసిరి. నేటికి రెండు నోటుపుస్తకములు నిండి మూడవది నడుచుచున్నది. అందుండి కొన్ని సూచనలను మా మాటలలో వినిపింతుము.

తపాలాశాఖలో పనిచేసి విరమించిన ఒకరు ఏనుగుల వీరాస్వామయ్యగారి 'కాశీయాత్ర చరిత్ర'ను సూచించిరి. ఎవరికి? యాత్రలకు పోవువారికి, పోలేక ఇంట నున్నవారికి. వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో మద్రాసునుండి బయలుదేరి, కాశికి పోయి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిరి. ఏ మజిలీలో ఏ వస్తువులు దొరకునో, ఏ ఊర బస యెట్లుండునో, ఏ నదిని ఎట్లు దాటవలెనో ఎప్పటికప్పుడు వ్రాసియుంచిరి. ఆ గ్రంథము 1838లో అచ్చయినది. కష్టమేమనగా, అది నాటి తెలుగు, వాక్యములు దీర్ఘములు. దేశపటము ప్రక్కన పెట్టుకొని దినమునకు పది పుటలు చదివినచో సాగునని సూచించినవారి అనుభవము.

ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయిని సురవరం ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'ను, రాజుల పేర్లు, యుద్ధముల సంవత్సరములు వల్లించి విసిగిన విద్యార్థులకు సూచించిరి. మన పూర్వులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ ఆటలాడిరి అను సంగతులు అందున్నవి. 1949లో వెలువడిన ఈ గ్రంథమునకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. కావ్యములనుండి ఉదాహరించిన పద్యములు అడుగడుగున వచ్చుటచేత కొందరు ఆగిపోవుదురు. మొదటిసారి పద్యములను విడిచి వచనము మాత్రము చదువుడని ఆమె సలహా. పద్యము విడువుమని ఉపాధ్యాయిని వ్రాయుట చూచి మాలో ఇద్దరు ముగ్గురు నొచ్చుకొనిరి. కాని ఆ సూచన తరువాత ఆ పుస్తకము బీరువాలో నిలిచిన దినములు తక్కువ.

మమ్ము ఆశ్చర్యపరచిన సూచన ఒక రైతుది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన వ్యవసాయ పదముల మాండలిక వృత్తిపదకోశమును ఆయన పేర్కొనెను. నిఘంటువును ఎవరు చదువుదురని మేము దానిని పై అరలో పెట్టియుంటిమి. నాగలి, మేడి, కఱ్ఱు, కాడి, నొగ అని తాను ఇంట పలుకు మాటలు అచ్చులో చూచుకొని, ఒక జిల్లాలో ఒక పేరుగా నున్నది మరియొక జిల్లాలో వేరొక పేరుతో నుండుట చూచి, ఆయన వరుసగా మూడు సాయంకాలములు అచ్చటనే కూర్చుండెను. "ఎవరికి" అను గడిలో ఆయన వ్రాసిన దిది: నాగలి చూడని మనుమలున్న తాతలకు.

ఒక గృహిణి ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి'ని, ఇంటిల్లిపాది కలిసి వినుటకు సూచించెను. ఉన్నవవారు స్వాతంత్ర్యోద్యమ కాలమున కారాగారములో నుండి వ్రాసిన ఈ నవల 1922లో వెలువడగా, నాటి మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించినది. పెద్ద పుస్తకము, ఒక్కరు పట్టినచో నడుమ విడుతురు; రాత్రి భోజనములైన పిమ్మట ఒకరు చదువగా తక్కినవారు వినినచో సంభాషణల సొగసు తెలియునని ఆమె వ్రాసెను. దాని క్రిందనే ఇంకొకరు, "మా యింట ఇది సాగలేదు; పిల్లలు నిద్రపోయిరి; వారికి నండూరివారు తెనిగించిన 'కాంచనద్వీపం' చదివితిమి, మేలుకొనియుండిరి" అని వ్రాసిరి. మేము రెండింటిని అట్లే ఉంచితిమి. ఒక యింట సాగినది మరియొక యింట సాగవలెనని లేదు. కాదనుటకు వీలున్న సూచనయే వినువారికి ఉపయోగపడును.

శాస్త్రము, వైద్యము మొదలగు విషయములలో పాఠకులే మాకు ఒక జాగ్రత్త నేర్పిరి. డేవిడ్ వెర్నర్ అను రచయిత వైద్యుడు అందని పల్లెలవారి కొరకు వ్రాసిన గ్రంథము తెలుగున కూడ వెలువడినది. దానిని సూచించిన నర్సు ఒకరు, పుస్తకము ఏ సంవత్సరపు ముద్రణయో ముందు చూడుడని, మందుల సంగతులు మారుచుండునని, ఆసుపత్రి అందుబాటులో నున్నపుడు పుస్తకము చూచుచు కాలయాపన చేయరాదని ఎఱ్ఱసిరాతో వ్రాసెను. అట్లే ఒక విద్యార్థి, ఖగోళ గ్రంథములు చదువువారికి, 2006లో శాస్త్రజ్ఞులు ప్లూటోను గ్రహముల వరుసనుండి తప్పించిరనియు, అంతకు ముందు అచ్చయిన పుస్తకములలో ఈ మార్పు ఉండదనియు జ్ఞాపకము చేసెను. కావ్యము పాతబడినకొలది దాని విలువ పెరుగవచ్చును. వైద్యగ్రంథమున కట్లు కాదు. ఈ తేడా తెలియక సూచించుట ప్రమాదము.

ఇంతకును ఆ ప్రబంధమేమయ్యెనని మీరు అడుగవచ్చును. దానికిని పాఠకుడు దొరకెను. పద్యనాటకములలో వేషము కట్టు దర్జీ ఒకరు దానిని కొనిపోయి రెండు నెలలు ఉంచుకొనిరి. పద్యమును గొంతెత్తి చదువదలచినవారికి అని సూచించి, మొదట తాత్పర్యము, పిదప పద్యము, ఆ పిదప టీక చూచినచో కష్టము తగ్గునని దారి కూడ చెప్పిరి. పుస్తకమున దోషము లేదు. అది చేరవలసిన చేయి వేరు.

శ్రోతలారా! ఈ పనికి గ్రంథాలయమే యుండనక్కరలేదు. మీ యింట పది పుస్తకములున్నను చాలును. ఒక పుస్తకము చదివి ముగించినపుడు, వెనుక అట్ట లోపల చిన్న చీటి అంటించి, ఇది ఎవరికి పనికివచ్చును, ఎందుకు, ఎచ్చట కష్టముండును అని మూడు వాక్యములు వ్రాయుడు. మీ తరువాత దానిని తెరచువారికి, వారు మీ బిడ్డలు కావచ్చును, మీ మాట తోడుగా నుండును. ఎవరైన మంచి పుస్తకము చెప్పుమని అడిగినచో వెంటనే పేరు చెప్పకుడు. "మీరు ఏమి తెలిసికొనదలచినారు?" అని ముందు అడుగుడు. జవాబు వినుటకు రెండు నిమిషములు పట్టును. ఆ రెండు నిమిషములు మేము నాడు వెచ్చింపలేదు.

ఆ కుఱ్ఱవాని పేరు మా రిజిస్టరులో ఇంకను ఉన్నది, కొట్టివేయలేదు. అతడు ఆ కొట్టును విడిచి వేరు ఊరికి పోయినాడని వింటిమి. మోటార్లు బాగుచేయు కొట్టులలో పని జరుగుచున్నంతసేపు రేడియో మ్రోగుచుండుట మేము ఎఱుగుదుము. ఒకవేళ అతడీ మాటలు వినుచున్నచో మా మనవి ఒక్కటే. నాయనా, నక్షత్రముల దూరము కొలిచినారు. అది ఎట్లో చెప్పు పుస్తకమును ముందు బీరువాలోనికి మార్చితిమి. వచ్చి తీసికొనుము.