ఆవు ఎద: 21 రోజుల లెక్క
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



జీవశాస్త్రంలోని వినాళ గ్రంథుల పాఠం పరీక్షలో ఒక చిన్న ప్రశ్నగా మిగిలిపోవడం పరిపాటి. పీయూష గ్రంథి ఎక్కడ ఉన్నదో చక్కగా బొమ్మ గీసిన విద్యార్థి, సాయంత్రం ఇంటికి వెళ్లి కొట్టంలో ఆవు ఎందుకు అరుస్తున్నదో ఆలోచించడు. నిజానికి ఆ రెండూ ఒకే పాఠం. కోలారు, హోసూరు ప్రాంతాల తెలుగు కుటుంబాలలో పాల డబ్బుతో పిల్లలను చదివించే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. కనుక ఈ సభలో ఆ పాఠానికి చోటు ఉన్నది.

చూడి కట్టని ఆవు సగటున 21 రోజులకు ఒకసారి ఎదకు వస్తుంది. 18 నుంచి 24 రోజుల వరకు తేడా సహజమే. మెదడు అడుగుభాగాన ఉన్న హైపోథాలమస్ పంపే సంకేతంతో పీయూష గ్రంథి తన హార్మోన్లను రక్తంలోకి విడుస్తుంది. వాటి ప్రభావంతో అండాశయంలో పుటిక పెరిగి ఈస్ట్రోజన్‌ను స్రవిస్తుంది. ఆవు అరవడం, మేత తగ్గించడం, పాలు తగ్గడం, గాజు వంటి తీగలు వేయడం అన్నీ ఈస్ట్రోజన్ పనులే. ఇతర ఆవుల మీదికి ఎక్కే ఆవు ఎదలో ఉండవచ్చు, ఉండకపోవచ్చు. మరొక పశువు తన మీదికి ఎక్కినప్పుడు కదలక నిలబడే ఆవు మాత్రం ఎదలో ఉన్నట్టే.

ఈ స్థితి సుమారు 12 నుంచి 18 గంటలు మాత్రమే ఉంటుంది. విచిత్రమేమంటే, అండం విడుదలయ్యేది ఎద లక్షణాలు ముగిసిన 10, 12 గంటల తరువాత. అందుకే ఉదయం ఎద కనిపిస్తే ఆ సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మరునాటి ఉదయం సూది వేయించాలంటారు. అమెరికాలోని నెబ్రాస్కాలో ట్రింబర్గర్ 1948లో ప్రకటించిన పరిశోధన ఈ నియమానికి బలమైన ఆధారం.

ఊరి మందలో ఆబోతు తిరిగిన రోజులలో ఈ గంటల లెక్క మనిషికి అక్కరలేకపోయింది. ఎద కనిపెట్టే పని ఆబోతుదే. 1939లో మైసూరు ప్యాలెస్ డెయిరీ ఫారంలో సంపత్ కుమారన్ హోల్‌స్టీన్ ఫ్రీజియన్ వీర్యంతో హల్లికర్ ఆవులకు కృత్రిమ గర్భధారణ చేయగా 33 ఆవులు చూడి కట్టాయి. దేశంలో ఆ పద్ధతికి అదే ఆరంభం. ఆ పద్ధతి పల్లెలకు చేరిన కొద్దీ ఆబోతు చేసిన పని ఇంటివారి మీద పడింది. పాలు పితికే తల్లి, మేత వేసే పిల్లవాడు కనిపెట్టాలి. వైద్యుడు ఎంత నిపుణుడైనా వారు కబురు పంపిన తరువాతనే వస్తాడు.

అండం విడుదలైన చోట పసుపు రంగు గడ్డ వంటి పీతదేహం ఏర్పడుతుంది. అది స్రవించే ప్రొజెస్టిరాన్ గర్భకోశాన్ని పిండం కోసం సిద్ధపరుస్తుంది, మరొక ఎదను రానీయదు. పిండం నిలిస్తే ఇంటర్ఫెరాన్ టౌ అనే ప్రోటీన్ ద్వారా తన ఉనికిని తల్లికి తెలుపుతుంది. 16, 17 రోజుల నాటికి ఆ కబురు అందకపోతే గర్భకోశం ప్రోస్టాగ్లాండిన్‌ను విడుదల చేస్తుంది. పీతదేహం కరుగుతుంది. ఆవు తిరిగి ఎదకు వస్తుంది.

ఈ ప్రోస్టాగ్లాండిన్ ఇప్పుడు మందుగా దొరుకుతున్నది. ఎదకు రాని ఆవుకు ఒక సూదితో పని జరిగిపోతుందనే నమ్మకం పాడి ఇళ్లలో బలపడింది. కాని ఆవు ఎదకు రాకపోవడానికి కారణం చూడే అయి ఉంటే? పరీక్ష చేయించకుండా వేసిన ఆ సూది పీతదేహాన్ని కరిగిస్తుంది, కడుపులోని దూడ పోతుంది. మేత చాలక అండాశయాలు చల్లబడి ఉన్న ఆవులో కరిగించడానికి పీతదేహమే ఉండదు. ఆ సూది ఖర్చు వృథా. దానికి కావలసినది పచ్చిమేత, దాణా, ఖనిజ లవణాలు.

గొడ్డుదని సంతకు తోలిన ఆవులలో కొన్ని నిజానికి గొడ్డువి కావు. వాటి ఎద ఎవరి కంటా పడలేదంతే. అనేక ఆవులు రాత్రి వేళ, తెల్లవారుజామున ఎద చూపుతాయి. గేదెలలో, ముఖ్యంగా వేసవిలో, మూగ ఎద మరీ ఎక్కువ. ఒక్క ఎద తప్పితే మూడు వారాల మేత ఖర్చు అదనం, ఈత అంత వెనక్కి. పడుకునే ముందు ఒకసారి, తెల్లవారకముందు ఒకసారి కొట్టంలో అరగంట నిలబడి చూడడానికి మందు అక్కరలేదు, డబ్బు అక్కరలేదు. అయినా సూదికి ఉన్న గౌరవం ఈ అరగంటకు దక్కడం లేదు.

గోడ మీది క్యాలెండరులో ఎద తేదీని, సూది తేదీని గుర్తుపెట్టే పనిని ఇంట్లో చదువుకునే పిల్లలకే అప్పగించవచ్చు. సూది వేయించిన 18వ రోజు నుంచి 24వ రోజు వరకు మళ్లీ గమనించాలి. ఎద కనిపించనంత మాత్రాన చూడి కట్టినట్టు కాదు. రెండు, మూడు నెలల మధ్య పశువైద్యునితో పరీక్ష చేయించి నిర్ధారించుకోవాలి. చూడి అని తేలితే సూది తేదీకి ఆవుకైతే సుమారు 280 రోజులు, గేదెకైతే సుమారు 310 రోజులు కలిపి, అదే క్యాలెండరులో ఈత తేదీని రాసుకోవచ్చు.