తెగిన మోకాలి బంధము: కత్తియా, కసరత్తా?



కబడ్డీలోనో ఫుట్‌బాలులోనో పరుగెత్తువాడు హఠాత్తుగా మలగినపుడు మోకాలిలో టప్పుమని చప్పుడై, కొలదిగంటలలో వాచినచో, ముందరి క్రూసియేట్ లిగమెంటు తెగినదేమో యని వైద్యులు శంకింతురు. తొడయెముకను ముంగాలియెముకతో బంధించు గట్టి త్రాడది. అది తెగెనని తెలిసినంతనే తల్లిదండ్రులు అప్పు చేసియైనను శస్త్రచికిత్సకు త్వరపడుదురు. ఆ త్వర యెల్లరకును అవసరమా? ఇదియే నేను విన్నవింపదలచిన విషయము.

శస్త్రచికిత్స యనగా సాధారణముగా తెగినదానిని కుట్టుట కాదు. రోగి దేహమునుండియే వేరొక స్నాయువును గైకొని క్రొత్తబంధమును నిర్మించుట. అటుపిమ్మటను నెలలతరబడి కసరత్తు తప్పదు. కావున కసరత్తు ఉభయమార్గములకును సమానము. కత్తి యొక్కటే అదనము.

స్వీడను దేశమున, అప్పుడే గాయపడిన 121 మంది యువజనులను చీట్లు వేసినట్లు రెండు వర్గములు గావించిరి. ఒక వర్గమునకు శీఘ్రముగా శస్త్రచికిత్స. రెండవదానికి ముందు వ్యాయామము, అవసరమైనచో పిదప శస్త్రచికిత్స. 2010లో వెలువడిన రెండేండ్ల ఫలితములందును, 2013 నాటి అయిదేండ్ల ఫలితములందును, నొప్పి, ఆటపాటల విషయమున ఇరువురకును చెప్పుకొనదగిన భేదము కానరాలేదు. రెండవవర్గమందలి 59 మందిలో 30 మంది అయిదేండ్లలోపల శస్త్రచికిత్స చేయించుకొనిరి. తక్కినవారు అది లేకయే యుండిరి.

ఇంతమాత్రమున కత్తి వ్యర్థమనరాదు. పాతగాయమువలన మోకాలు పట్టుతప్పుచుండిన 316 మందిని బ్రిటనులో పరీక్షింపగా, శస్త్రచికిత్సయే మేలైన ఫలమిచ్చెనని 2022లో లాన్సెట్టు పత్రిక ప్రకటించెను. పలుమారు పట్టుతప్పు మోకాలిలో మెత్తని మెనిస్కసు కూడ చినుగవచ్చును. మెనిస్కసు చినిగి కీలు బిగిసిపోయినను, పెక్కు బంధములు తెగినను జాగు చేయరాదు. స్వీడను పరీక్షలో వృత్తిక్రీడాకారులు చేరలేదనియు మరువరాదు.

కాబట్టి క్రొత్తగాయమునకు తొందర వలదు. పట్టుతప్పు మోకాలికి ఉపేక్ష వలదు. వ్యాయామమనగా నూనె మర్దనము గాదు. ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణమున తొడకండరములకు బలమును, కాలికి నిలకడను క్రమముగా చేకూర్చు సాధన. నడక వచ్చినదని నడుమ మానినచో రెండుమార్గములును నిష్ఫలములే.

బాంధవులారా! శస్త్రచికిత్సకు చందాలు వేయుటకు మనము వెనుదీయము. కాని పిమ్మటి నెలల కసరత్తు ఖర్చునకు చేయూత నిచ్చువారరుదు. బీదవిద్యార్థి అక్కడనే ఆగిపోవుచున్నాడు. వైద్యసహాయము చేయునపుడు మన సంఘము ఈ ఖర్చును గూడ లెక్కలో చేర్చుగాక యని ప్రార్థించుచున్నాను.