కారు బేరం
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన పిల్లలు చాలామంది టాక్సీ నడిపి కుటుంబాలు పోషిస్తున్నారు. కారు కొనే ముందు సంఘానికి వచ్చి సలహా అడిగేవారు తక్కువ. కొన్నాక కిస్తీలు కట్టలేక వచ్చేవారే ఎక్కువ. అందుకే ఈ నాలుగు మాటలు.

షోరూములో కూర్చోగానే చాయ్ ఇచ్చి, "నెలకు ఎంత కట్టగలరు?" అని అడుగుతారు. దానికి జవాబిచ్చామా, బేరం అక్కడే పోయింది! కిస్తీ తగ్గించడం వాళ్లకేం కష్టం? నెలలు పెంచితే సరి. మనం తేల్చుకోవలసింది బండి రోడ్డెక్కేసరికి అయ్యే మొత్తం.

ఒక లెక్క చూద్దాం. 6 లక్షల అప్పు, 5 ఏళ్ల గడువు. "ఏడు శాతమే" అంటారు. అది ఫ్లాటు వడ్డీ అయితే ఏటా 42,000 చొప్పున 2,10,000 అవుతుంది, కిస్తీ 13,500. అసలు తీరుతున్నా వడ్డీ మాత్రం మొదటి 6 లక్షల మీదే పడుతుంది. తగ్గే బాకీ మీద లెక్కిస్తే అది సుమారు పన్నెండున్నర శాతం! తగ్గే బాకీ మీద 9 శాతానికి తీసుకుంటే కిస్తీ దాదాపు 12,455, వడ్డీ మొత్తం లక్షా 47 వేలు. ఏడు కంటే తొమ్మిదే చౌక అన్నమాట.

వడ్డీ హరామని తప్పుకొనేవారికి "సున్నా వడ్డీ" పథకం చూపిస్తారు. నగదు ఇచ్చేవారికి 30 వేలు తగ్గించి మనకు తగ్గించకపోతే, ఆ 30 వేలను ఏమనాలి? ఫత్వా ఇవ్వడం మా పని కాదు, ఉలమాలను అడగండి. రెండు ధరలూ అడిగి తెలుసుకోవడం మాత్రం మన పనే.

ఇన్సూరెన్సు డీలరు దగ్గరే తీసుకోవాలన్న నిబంధన లేదు. బయట అడిగేటప్పుడు బండి విలువ రెండుచోట్లా ఒకటే వేయించి పోల్చాలి. విలువ తగ్గిస్తే ప్రీమియం తగ్గుతుంది, బండి పోయిననాడు చేతికొచ్చేదీ తగ్గుతుంది.

మొన్నామధ్య మాలో ముగ్గురం ఒక కుర్రవాడికి తోడు వెళ్లాం. గుంటూరులో ధరల కాగితం రాయించుకొని విజయవాడలో చూపించాం. హ్యాండ్లింగు ఛార్జీల పద్దు ఎందుకో చెప్పమంటే కొట్టేశారు. నెలాఖరు కావడంతో సీటు కవర్ల బదులు నగదు రాయితీకీ ఒప్పుకున్నారు. ఇంతలో మనవాడు, "రంగు భలే ఉంది చాచా, అడ్వాన్సు ఇచ్చేద్దాం" అన్నాడు, అదీ సేల్స్‌మన్ ఎదుటే! ఇంకేముంది, అతను బిగుసుకున్నాడు. లేచి వచ్చేశాం.

మర్నాడు అతనే ఫోను చేశాడు. వెళ్లి తయారీ నెల అడిగితే, ఆ బండి ఎనిమిది నెలల పాతదని తేలింది. ఆ మాట ముందు చెప్పాలా, అక్కర్లేదా? కొత్త సరుకే కావాలని కాగితం మీద రాయించాకే అడ్వాన్సు ఇచ్చాం. పది రోజులకు బండి వచ్చింది. రంగు మాత్రం కుర్రవాడు మెచ్చింది కాదు, తెలుపు.