స్క్రూ నిలవాలంటే చిగురునూ కొలవాలి

 

పళ్లను లాగడానికి ఆధారంగా ఎముకలో బిగించిన మినీస్క్రూ వదులైందంటే, ఆర్థోడాంటిస్టులమైన మన చూపు ముందు ఎముక మీదికే పోతుంది. సీబీసీటీ స్కాన్ తెరిచి ఎముక మందం కొలుస్తాం. చిగురు సంగతి ఆఖర్న గుర్తొస్తుంది. ఈ అలవాటు మారాలని అడగడానికే ఈ ప్రసంగ సమయం వాడుకుంటాను.

స్క్రూలు ఊడటం కొత్తేమీ కాదు. 1945లో గెయిన్స్‌ఫోర్త్, హిగ్లీ కుక్కల దవడల్లో వైటాలియం స్క్రూలు బిగించి పళ్లను లాగి చూశారు. నెల తిరిగేసరికి అన్నీ ఊడిపోయాయి. 1983లో క్రీక్‌మోర్, ఎక్లండ్ ముక్కు కింది ఎముకలో ఒకే స్క్రూ ఆధారంగా పై ముందుపళ్లను 6 మి.మీ. దాకా పైకి లేపారు. 1997లో కనోమి 1.2 మి.మీ. వ్యాసమున్న స్క్రూతో మినీస్క్రూల వాడకానికి దారి సుగమం చేశారు. అయినా 2012లో పాపజార్జియు బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూస్తే, నూటికి 13కు పైగా స్క్రూలు విఫలమవుతున్నాయని తేలింది.

ఎముకను నేను తక్కువ చేయడం లేదు. స్క్రూకి మొదటి పట్టు ఇచ్చేది పైనున్న గట్టి కార్టికల్ పొరే. అది కనీసం 1 మి.మీ. ఉంటే స్క్రూ నిలిచే అవకాశం పెరుగుతుందని మోతోయోషి బృందం చూపించింది. అయితే ఎముకే సర్వస్వమైతే కింది దవడలో స్క్రూలు ఇంకా బాగా నిలవాలి కదా! అక్కడ ఆ పొర మరింత మందం. వైఫల్యాలు మాత్రం అక్కడే ఎక్కువ. గట్టి ఎముకలోకి దించేటప్పుడు పుట్టే వేడి ఒక కారణమని చెబుతారు. చిగురును కూడా ఆ లెక్కలో చేర్చాలి. కింది దవడ పళ్ల వెలుపల ఎముకకు అతుక్కున్న చిగురు చాలాచోట్ల ఇరుకైన పట్టీ మాత్రమే. దాని కిందంతా కదిలే మెత్తటి పొర. నమిలినప్పుడల్లా అది స్క్రూ మెడకు ఒరుసుకుని వాస్తుంది, ఒక్కోసారి స్క్రూ తలనే కప్పేస్తుంది.

చిగురు అతుక్కున్నదా అన్నదే కాదు, దాని మందమూ చూడాలి. పలుచని చిగురు, మందపు చిగురు అన్న తేడాను 1969లోనే ఓషెన్‌బైన్, రాస్ వివరించారు. ప్రోబ్ దూర్చినప్పుడు అది చిగురు గుండా కనబడితే ఆ చిగురు పలుచన. ఈ పరీక్షకు ఖర్చు లేదు. కానీ మందపు చిగురైతే నిశ్చింత అనుకోకండి. అంగిలి పక్కవాలులో చిగురు 4 మి.మీ. దాటడం అరుదు కాదు. అక్కడ 8 మి.మీ. స్క్రూ దించితే ఎముకలో దిగేది సగమే. పైగా తల ఎముకకు దూరమై, లాగిన ప్రతిసారీ స్క్రూ మీద వంపు బలం పెరుగుతుంది. అదే అంగిలి ముందుభాగంలో, ముడతల వెనక, మధ్యరేఖకు దగ్గరగా చిగురు పలుచన, ఎముక దిట్టం. అనుభవజ్ఞులు ఆ చోటునే ఎంచుకోవడం ఊరికే కాదు.

చిగురు మందం కొలవడం కష్టమేమీ కాదు. మత్తు ఇచ్చాక, రూట్ కెనాల్ ఫైలుకి రబ్బరు స్టాపర్ తొడిగి ఎముక తగిలేదాకా దించండి. స్టాపర్‌ను చిగురుకి ఆనించి, ఫైలు బయటికి తీసి స్కేలు మీద పెట్టండి. అర నిమిషం పని. స్క్రూ పొడవు ఎంచాల్సింది ఆ తర్వాతే.

పీజీ విద్యార్థులారా, మీ కేస్ షీట్లలో కార్టికల్ మందం పక్కనే చిగురు మందం, అది అతుక్కున్నదా కదిలేదా అన్నది కూడా రాయండి. నిలిచిన స్క్రూలవే కాదు, ఊడినవాటి వివరాలూ అంతే శ్రద్ధగా రాయండి. వచ్చే సదస్సులో పత్రాలు చదివేవారు ఆ షీట్లతో రావాలని కోరుతున్నాను.