పాత కారు – పేరెరుగని భాగములు



ఓల్డ్ సెటిల్‌మెంటులో ఇంజనులను గూర్చి ప్రసంగించుట కమ్మరి వీధిలో సూదులమ్ముటయే. బెంగాల్ నాగపూర్ రైల్వే దినముల నుండి ఖరగ్‌పూరు కర్మాగారమున పనిచేసిన తెలుగువారి సంతతి నేటికిని ఇచట కలదు. ఐనను, రైలింజను మర్మమెరిగిన తండ్రి ఇంట కుమారుడు కారు బానెట్టు ఎత్తి తెల్లబోవుట వింత కాదు. తండ్రి చేతిలోని విద్య కాగితముపైకి ఎక్కలేదు గదా!

అట్టి ఒక గృహస్థుని సంగతి చూడుడు. తండ్రి విడిచిపోయినది ఒక పాత అంబాసిడరు. ఇంగ్లండు దేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు నమూనాపై, హుగ్లీ జిల్లా ఉత్తరపారలో హిందుస్థాన్ మోటార్సు వారు 1950వ దశకము చివర నుండి 2014 వరకు నిర్మించిన బండి అది. ఇంజను పైమూత నుండి ఎయిర్ క్లీనరునకు పోవు రబ్బరు గొట్టమొకటి పగిలియున్నది. "ఇందులో పెట్రోలు లేదు, నీరు లేదు. దీనితో పనియేమి?" అని ఆయన దానిని తీసివేసి, రంధ్రమునకు బిరడా బిగించెను. కొలది దినములలో ఇంజను అడుగున నూనె కారసాగెను. సీళ్లు మార్పించెను, డబ్బు పోయెను గాని నూనె కారుట మానలేదు.

పేరెరుగని భాగమును గుర్తించుటకు సులభమైన మార్గమొకటి కలదు. ఇంజను చల్లారిన పిమ్మట, బ్యాటరీ తీగె విప్పి, ఆ గొట్టము గాని తీగె గాని ఎచట బయలుదేరి ఎచట ముగియుచున్నదో వ్రేలితో వెంబడింపవలెను. రేడియేటరునకు తగిలించిన లావు గొట్టములు నీటివి. కార్బ్యురేటరు నుండి డిస్ట్రిబ్యూటరు ప్రక్కనున్న గుండ్రని చిన్న డబ్బాకు పోవు సన్నని గొట్టము పెట్రోలుది కాదు. ఇంజను పీల్పును అందించి, నిప్పురవ్వ పుట్టవలసిన సమయమును సవరించునది. డిస్ట్రిబ్యూటరు మూత నుండి నాలుగు ప్లగ్గులకు పోవు తీగెల వరుస 1-3-4-2. ఇవి తారుమారైనచో ఇంజను తుమ్మును గాని సరిగా నడువదు. డైనమో గల బండ్లలో దాని తీగెలు చేరు పెట్టె కంట్రోల్ బాక్సు. ఇంజను ఆగినపుడు బ్యాటరీలోని విద్యుత్తు డైనమోలోనికి వెనుకకు పారకుండ కాచునది అదియే. విప్పుటకు ముందు ప్రతి కొనకును చీటీ కట్టవలెను. చేతి ఫోనుతో చిత్రము తీసికొన్నను మేలే.

ఆ గృహస్థుడు తుదకు వెనుక వరుస క్వార్టరులోని ఒక విశ్రాంత ఫిట్టరును పిలుచుకొనివచ్చెను. ఇంజను నడుచుచుండగా ఆ వృద్ధుడు నూనె పోయు మూతను మెల్లగా సడలించెను. లోపలి గాలి బుస్సుమని వెలువడెను.

"బండికి ఊపిరాడుట లేదు, నాయనా!" అనెను.

పిస్టను రింగులను తప్పించుకొని అడుగు అరలోనికి దిగిన వాయువులు వెలుపలికి పోవలెను. దానికే ఆ గొట్టము. ప్రక్కనున్న రెండవ త్రోవ అంతకు పూర్వమే మడ్డితో పూడియుండెను. రెండును మూసికొనగా, ఆ ఒత్తిడియే నూనెను సందుల గుండ బయటికి త్రోసినది. బిరడా తీసి, మడ్డి తోడి, జానెడు క్రొత్త గొట్టము తొడిగినంతనే నూనె నిలిచెను.

నాటి సాయంకాలమే ఆ ఇంటి పిల్లలు నోటు పుస్తకము తెచ్చి, వృద్ధుడు వ్రేలితో చూపిన ప్రతి భాగము పేరును, అది చేయు పనిని తెలుగులో వ్రాసికొనిరి. తండ్రి బ్రతికియుండగా ఆ పుస్తకము తెరువలేదే యని గృహస్థుడు నొచ్చుకొనెను. మన వరుసలలో అట్టి పెద్దలు ఇంకను కొందరున్నారు. పుస్తకము తెరచుటకు ఇది మంచి సమయము.