‘నేను’ అనే మాట ఎవరి సొత్తు?

(వాడలోని రాత్రిబడిలో యువకుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



సంక్రాంతి సెలవులకు పట్నం హాస్టల్ నుంచి వచ్చిన మన కుర్రాడొకడు ఇటుకంత లావు నవల తెచ్చాడు. “మాస్టారూ, ఎవడి బతుకు వాడిది. నా తెలివితో నేను పైకొచ్చాను. వాడకు నేనేం బాకీ లేను” అన్నాడు. అరుగు మీద కూచున్న వాళ్లమ్మ వింటానే ఉంది, ఏమీ అనలేదు. ఆ నవల మేమూ చదివాం. దాన్ని తిట్టడానికి కాదు, తేల్చుకోడానికే ఇవాళ మాట్లాడుతున్నాం.

రాసినావిడ అయన్ రాండ్. 1905లో రష్యాలో యూదుల ఇంట పుట్టింది. విప్లవం తర్వాత వాళ్ల నాన్న మందుల షాపును ప్రభుత్వం లాక్కుంది. ఆ దెబ్బ ఆమె మరిచిపోలేదు. 1926లో అమెరికా చేరింది. 1943లో ‘ఫౌంటెన్ హెడ్’, 1957లో ‘అట్లాస్ ష్రగ్డ్’ అచ్చయ్యాయి. ఆమె చెప్పేది ఇదీ: మనిషి ఇంకొకడి కోసం బతకనక్కర్లేదు, తన సుఖమే తన ధర్మం, స్వార్థం పాపం కాదు, సుగుణం.

ఇందులో మంచే లేదా? ఉంది. పదిమందీ అన్నారని తలొంచకు అంటుంది. తరతరాలుగా “చిత్తం దొరా” తప్ప ‘నేను’ అనే నోరే లేని మనకు ఆ మాట వింటే వెన్ను నిటారవుతుంది. కానీ ఆ మాట మనకు బాబాసాహెబ్ ముందే చెప్పాడు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో, ముసాయిదా గ్రామాన్ని వదిలి వ్యక్తినే యూనిట్‌గా తీసుకున్నందుకు సంతోషం అన్నాడు. మరి తేడా ఎక్కడ?

ఒకటి. ‘ఫౌంటెన్ హెడ్’లో రోర్క్ అనే ఆర్కిటెక్టు పేదోళ్లకు తక్కువ అద్దె ఇళ్లకు నమూనా గీస్తాడు. కట్టేవాళ్లు దాన్ని మార్చేస్తారు. ఇంకా ఎవరూ చేరని ఆ ఇళ్లను అతను డైనమైటు పెట్టి పేల్చేస్తాడు. కోర్టులో నిర్దోషిగా బయటికొస్తాడు. గీసినవాడి హక్కు గురించి పెద్ద ఉపన్యాసం ఉంది. అందులో కాపురం ఉండాల్సినవాళ్ల గొంతు మాత్రం వినపడదు. కాలనీ ఇంటి కోసం ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగిన మనకు ముందు గుర్తొచ్చేది వాళ్లే.

రెండు. 1963లో ఆమె జాతి వివక్ష మీద వ్యాసం రాసింది. అది అనాగరికం అని గట్టిగానే ఖండించింది, ఒప్పుకుందాం. అదే వ్యాసంలో, సొంత హోటలు వాడు నల్లవాళ్లను రానివ్వకపోతే ప్రభుత్వం చట్టంతో ఆపకూడదంది. ఇష్టంలేనివాళ్లు అతన్ని బహిష్కరించుకోవచ్చంది. మన రెండు గ్లాసుల టీ హోటలుకు ఈ లెక్క వేసి చూడండి. మనం టీ మానేస్తే హోటలు వాడికి పోయేదెంత? ఊరు మనల్ని బహిష్కరిస్తే పని బంద్, పాలు బంద్, కిరాణా బంద్. బహిష్కారం బలమున్నోడి ఆయుధం. అందుకే మన రాజ్యాంగం 15(2)లో హోటళ్లు, దుకాణాలు, బావుల పేర్లు రాసి మరీ వివక్షను నిషేధించింది. 17లో అంటరానితనాన్నే రద్దు చేసింది.

మూడు. ‘అట్లాస్ ష్రగ్డ్’లో తెలివిగలవాళ్లు, ఫ్యాక్టరీల యజమానులు సమ్మె చేసి కొండలోయలో దాక్కుంటారు. లోకం ఆగిపోతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తిరువాన్కూరులో అయ్యంకాళి వెంట పులయ కూలీలూ సమ్మె చేశారు. పిల్లల్ని బడిలో చేర్చుకోమని పొలం పని మానేశారు. వాళ్ల ఆకలి మీద మన బళ్ల తలుపులు తెరుచుకున్నాయి.

మా ఇంట్లో మొదటి డిగ్రీ మాది. చదివిన తెలివి మాదే, కాదనం. కానీ హాస్టల్ అన్నం, స్కాలర్‌షిప్పు, అమ్మ నాట్లకెళ్లి తెచ్చిన కూలి డబ్బులు, ఇవి మా ఒక్కళ్ల తెలివితో వచ్చినవి కావు. అంతెందుకు, అమెరికాలో దిగిన రాండ్‌ను చికాగో బంధువులు ఇంట్లో పెట్టుకున్నారు. హాలీవుడ్‌కు దారిఖర్చూ ఇచ్చారు. అందులో తప్పేం లేదు. తన నవలల్లో హీరోలకు అలాంటి చుట్టాలు అవసరం లేనట్టు రాసింది, అదీ తంటా.

ఆ కుర్రాడి మీద మాకు కోపం లేదు. తమ్ముడూ, నువ్వు ‘నేను’ అను, గట్టిగా అను. ఆ మాట వాడలో అందరి నోటా రావాలనే మన పోరాటం. ఒక్కడు అంటే సరిపోదు. ఆ నవల రాత్రిబడి అలమరలో పెట్టాం, పక్కనే ‘కులనిర్మూలన’ ఉంది. రెండూ చదివి వచ్చే ఆదివారం వాదనకు రండి.

వాళ్లమ్మ ఏమీ అనలేదన్నాం కదా. మర్నాడు బస్సు దగ్గర కొంగుముడి విప్పి దారిఖర్చులు వాడి చేతిలో పెట్టింది.

జై భీమ్!