చీపురు పట్టిన సారు



"జపాన్‌ల ఏం వెలగబెట్టినవో చెప్పు, పది నిమిషాలే" అన్నరు కమిటీవాళ్లు. వెలగబెట్టింది తక్కువ, పప్పులో కాలేసింది ఎక్కువ. అవే చెప్తాను.

బడుల్లో ఇంగ్లీషు టీచరుకు సహాయకులుగా విదేశీయులను పెట్టుకునే జెట్ పథకాన్ని జపాన్ ప్రభుత్వం 1987లో మొదలుపెట్టింది. ఒక జూనియర్ హైస్కూలులో నాదీ అలాంటి సహాయకుడి పనే. గుమ్మంలో బూట్లు విప్పి లోపలికి వేరే చెప్పులు వేసుకోవాలి. మొదటి రోజే ఆ లోపలి చెప్పులతో గ్రౌండ్‌లోకి పోయి బడంతా నవ్వించాను.

భోజనం క్లాసులోనే, పిల్లలతో కలిసి. తినే పుల్లలను అన్నంలో నిలువుగా గుచ్చి నీళ్లు తాగాను. గదంతా చప్పుడు లేదు. పక్కనున్న టీచరమ్మ మెల్లగా వాటిని తీసి పక్కన పెట్టింది. అక్కడ అట్లా గుచ్చేది చనిపోయినవాళ్లకు పెట్టే అన్నంలోనట. పెండ్లి విందులో పిండం పెట్టినట్టయింది నా పని.

మా అక్క కొడుకును ముద్దుగా నాని అంటాం. స్టాఫ్‌రూములో ఫోన్ పట్టుకొని "నానీ! నానీ!" అని అరుస్తుంటే అందరూ లేచి నిలబడ్డారు. వాళ్ల భాషలో నాని అంటే "ఏంటి?" అని.

బతుకమ్మ ఆడిద్దామని వైస్ ప్రిన్సిపాల్‌ను అడిగాను. "ఆలోచిస్తాం" అన్నారు. సంబరంగా పూల కోసం తిరిగాను. ఆలోచిస్తామంటే వద్దని అర్థమని నెలకు గాని తెలియలేదు. అయినా మన "చూద్దాం తియ్" మాత్రం ఏం తక్కువ?

కలిసినవీ ఉన్నాయి. సిద్దిపేటలో "పోతున్న" అంటే మా అమ్మ కోప్పడేది, "పోయొస్త" అనాలి. అక్కడా ఇల్లు కదిలేటప్పుడు "ఇత్తెకిమస్" అంటారు. అచ్చంగా పోయొస్త అనే.

అసలు సంగతికి వస్తాను. భోజనం తర్వాత ఒక పిల్లవాడు నేల మీద వంగి, తడిగుడ్డతో వరండా తుడుస్తున్నాడు. పాపం, శిక్ష వేశారనుకొని టీచరును బతిమాలాను. చూస్తే బడంతా అదే పని. ప్రిన్సిపాల్ గారు మెట్లు ఊడుస్తున్నారు! పరుగెత్తి "మీరొద్దు సార్" అని చీపురు గుంజుకున్నాను. నాకు ఆ పని ఇష్టమనుకున్నారాయన. మర్నాటి నుంచి ఆ మెట్లు నా వంతు. చీపురు ఎట్లా పట్టుకోవాలో ఏడో తరగతి పిల్ల నేర్పింది.

అవును, నాకు రాదు. మన బడిలో పదో తరగతి దాకా ఒక్కనాడూ ఊడ్వలేదు. ఆడపిల్లలు ఊడ్చేవాళ్లు. బయట చెత్త ఎత్తడానికి మాత్రం ఫలానా వాడలోని పిల్లలనే పిలిచేవాళ్లు. అందులో వింతేమీ కనిపించలేదు నాకు అప్పుడు. ఆ మెట్ల మీద రోజూ వాళ్లే గుర్తొచ్చారు.

అందులో ఒకడు ఇప్పుడు మూడో వరుసలో ఉన్నాడు. పొద్దున గేటు దగ్గర ఈ మాట చెప్తే నవ్వలేదు. కాసేపాగి, "రేపు షామియానా తీసినంక గ్రౌండ్ ఊడ్చేదుంది, ఆరింటికి రా" అన్నడు.

రేపు ఆరింటికి అక్కడుంటాను. చీపుర్లు రెండే ఉన్నాయట, వచ్చేవాళ్లు ఇంటి నుంచి తెచ్చుకోండి.